ఐదు ఆదివారాల ఆషాఢం

ఉత్తరం వచ్చేసరికి నేను ట్రంకుపెట్టె మీద కూర్చుని ఉన్నాను. చీరలు ఎక్కువై మూత పడటం లేదు. మరునాటి నుంచి ఆషాఢం. కొత్త కోడలూ అత్తా ఒక గడప దాటకూడదు, కొత్త అల్లుడు అత్తగారింటి గడప తొక్కకూడదు. అందుకని నన్ను చిత్తూరు నుంచి తిరుపతికి, మా అమ్మ దగ్గరికి, నెల రోజులు పంపిస్తున్నారు. పెళ్ళయి అప్పటికి రెండున్నర నెలలు.

పోస్టుమేన్ శాంతయ్య కిటికీ ఊచల మధ్య నుంచి పొడుగాటి కవరు లోపలికి జార్చాడు. "యూనివర్సిటీ ముద్ర ఉండాదమ్మా. మంచిదైతే నాకు బెల్లం పెట్టాల" అన్నాడు.

మంచిదే. ఎం.ఫిల్. సీటు వచ్చింది! ఒక్క గెంతు గెంతాను. పెట్టె మూత లేచి, నెమలికంఠం రంగు చీర నేల మీద పడింది. మా ఆయన రామచంద్ర చిత్తూరు కోర్టులో రికార్డు గుమాస్తా. ఉత్తరం నా చేతుల్లోంచి లాక్కుని, తీర్పు కాగితంలాగా తేదీ నుంచి సంతకం దాకా పైకి చదివారు.

మా అత్తమ్మ జ్ఞానాంబ తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చారు.

"ఏమంట? పాసా?"

"సీటు వచ్చింది అత్తమ్మా. రెండు విషయాలు ఇచ్చినారు. ఒకటి సమాజంలో మనుషుల హక్కులు, ఇంకొకటి సంసారంలో, సమాజంలో స్త్రీల పాత్ర. ఒక్కోదానికీ ఒక పెద్ద పుస్తకం ఆధారం. ఏది కావాలో నన్నే చెప్పమన్నారు. ఆగస్టు పదకొండో తేదీ కల్లా చెప్పాల."

"నిన్నే చెప్పమన్న్యారా?"

అత్తమ్మ కవరు తీసుకుని ముందూ వెనకా తిప్పి చూశారు. ఏదో అంటారని నేను మొహం వెలిగించుకుని నిలబడ్డాను. "పదిన్నర బస్సు పోతే మళ్ళా ఎండలో పోవాల. పెట్టె ముయ్యి" అని లోపలికి వెళ్ళిపోయారు.

శాంతయ్యకి బెల్లం ముక్క నేనే తెచ్చి పెట్టాను.

బస్టాండులో మా ఆయన వేరుశెనక్కాయల పొట్లం నా ఒళ్ళో పడేసి, ఉత్తరం మళ్ళీ విప్పారు. కింద మా మేడమ్ దేవకమ్మ గారు తన చేత్తో రెండు వాక్యాలు రాశారు. ఆ పుస్తకాలు ఒక్కో ప్రతి మద్రాసు నుంచి తెప్పించారట. గాంధీరోడ్డులో కుప్పుస్వామి కొట్లో ఉన్నాయట. నేను తీసుకోనిది వెనక్కి పోతుందట.

"ఈ కుప్పుస్వామి కొట్టు మీ నాయనది కాదు గదా?" అన్నారు మా ఆయన.

"కాదు."

"మా అమ్మది గూడా కాదు."

"కాదు."

"అయితే ఆ గడప నేను తొక్కితే ఎవురికేం?"

నవ్వు ఆపుకోలేక వేరుశెనక్కాయలు సగం కింద పోసేశాను. తిరుపతి చేరగానే అమ్మ వంటింటి క్యాలెండరు చూశాను. ఆ ఏడు, ఎనభైలో, ఆషాఢం ఆదివారంతో మొదలై ఆదివారంతోనే ముగుస్తోంది. ఒక్క నెలలో ఐదు ఆదివారాలు! ఆ కాగితాన్ని ముద్దు పెట్టుకున్నాను. అమ్మ చూసి, "సీటు వస్తే క్యాలెండరుకి ముద్దులేందే?" అంది.

మరునాడు, మొదటి ఆదివారం, పొద్దున్నే వెళ్ళాను. కుప్పుస్వామి గారిది పలకల తలుపుల కొట్టు. ముందర మోకాలెత్తు కొయ్య గడప, లోపల పదో తరగతి గైడ్లు, దారాలు కట్టిన పాత నోట్సులు, వెనక రెండు ముక్కాలిపీటలు. ఆయన తిరుత్తణి వైపు మనిషి.

"అమ్మాడీ, ఆ రెండు బుక్కులు నీకేనా? ఈడ్నే కూర్చుని సదువుకో. ఏది తీసుకునేదీ తెలిసినాక అట్ట వేసి ఇస్తా. గీతలు మాత్రం గీయబాకు."

ఒకటి నీలం అట్ట, ఒకటి ఆకుపచ్చ అట్ట. నీలంది హక్కుల పుస్తకం, ఇటుకలాగా ఉంది. ఆకుపచ్చది స్త్రీల పాత్ర గురించి. అందులో ప్రతి అధ్యాయం చివరా గళ్ళు గీసి, కూతురు, భార్య, కోడలు, తల్లి, అత్త అని పేర్లు పెట్టి, ఒకదాని నుంచి ఇంకోదానికి బాణాలు వేశారు. రెండూ ఇంగ్లీషులోనే.

పదకొండింటికి మా ఆయన చెమటలు కక్కుకుంటూ వచ్చారు. నిన్ననే చూసిన మనిషి! అయినా ఏడాదైనట్టు అనిపించింది. ఇంట్లో ఏం చెప్పి వచ్చారని అడిగితే, "పాత రికార్డులు సర్దేది ఉండాదని చెప్పినా. సర్దేది నిజంగానే ఉండాది, ఆదివారమే కాదు గానీ" అన్నారు. ఒకే పుస్తకాన్ని ఇద్దరు చదవాలంటే భుజాలు తగలక తప్పదు. మధ్యాహ్నం దాకా మేం నీలం పుస్తకంలో పదకొండు పేజీలు చదివాం.

ఒకరు అడగగలిగితే, ఇంకొకరు ఇవ్వక తప్పకపోతే, అప్పుడే దాన్ని హక్కు అనాలని ఉంది అందులో. నాకు ఒళ్ళు పులకరించింది. సాయంత్రం ఆయన బస్సుకి పోతుంటే, పొద్దున ఆయన వచ్చిన బస్సు గులాబీరంగు టికెట్టు వెనక చీమంత అక్షరాలతో రాసి ఇచ్చాను: "నీలం. ఇక అనుమానం లేదు." ఆయన దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, జేబు మీద చెయ్యి వేసుకుని మరీ వెళ్ళారు.

ఆ వారంలో దేవకమ్మ గారిని చూడటానికి యూనివర్సిటీకి వెళ్ళాను. ఆమె కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చుకుని, "నీ పెళ్ళిఫొటో తేలేదే?" అని అడిగి, వెంటనే పనిలోకి దిగారు.

"హక్కుల విషయం తీసుకుంటే నీకు కావలసిన కేసుల కాగితాలన్నీ చిత్తూరు కోర్టులోనే ఉంటాయి. ఆడ ఉండే రాసుకోవచ్చు, నెలకొకసారి వచ్చి కనపడితే చాలు. స్త్రీల విషయం తీసుకుంటే రెండేళ్ళు ఈడ నా కళ్ళ ముందర ఉండాల. నూరు ఇండ్లు తిరగాల. నాకు ఏదైనా సమ్మతమే. ఎందుకు తీసుకున్నావో మాత్రం ఒక్క వాక్యంలో చెప్పాల."

అంటే నీలం చిత్తూరు, ఆకుపచ్చ తిరుపతి. ఆ మాట విన్న తరవాత ఏ పుస్తకం తెరిచినా అందులో బస్సే కనిపించింది.

రెండో ఆదివారం ఆకుపచ్చ పుస్తకం తెరిచాం. కోడలు అనే గడిలోకి నాలుగు బాణాలు వచ్చి గుచ్చుకుంటున్నాయి, బయటికి ఒక్కటీ పోవడం లేదు. నేను చాలాసేపు అక్కడే ఉండిపోయాను. ఈ గడిలో ఉన్నది నేనేనా? నాకేమీ గుచ్చుకోవడం లేదే! మల్లెపూలు, పక్కన మా ఆయన, ఎదురుగా కుప్పుస్వామి గారు తెప్పించిన కాఫీ. పుస్తకం తప్పా, నేను తప్పా? తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకుంది. టికెట్టు వెనక రాశాను: "ఆకుపచ్చ. నూరు ఇండ్లు తిరగాలని ఉంది."

మా ఆయన చదివి, టికెట్టు రెండుగా మడిచారు. తరవాత మెల్లగా, "పోయిన వారం టికెట్టు యాడో పడిపోయింది. జేబులో పెట్టింది పెట్టినట్టే ఉన్న్యా, చూస్తే లేదు" అన్నారు.

"ఇదైనా భద్రంగా పెట్టుకోండి" అన్నాను.

మూడో ఆదివారం ఆయన మొహం వెలిగిపోతోంది.

"కోర్టులో పాత మేజా ఒకటి వేలం వేస్తా ఉంటే తీసుకున్న్యా. ఒక కాలు పొట్టి. కింద చెక్క పెట్టినా. కిటికీ పక్కన వేసినా చూడు పంకజా, పొద్దున పూట ఎండ సరిగ్గా దాని మీదే పడతాది."

"అత్తమ్మ ఏమన్నారు?"

"మేజా ఎందుకురా అనింది. నీ కోడలు రాసుకునేదానికి అన్నా. అయితే దాని మీద బట్టలు పడెయ్యొద్దు అని నన్నే తిట్టింది."

కాలు పొట్టి మేజా, దాని మీద ఎండ! ఆ ఎండలో నేను కోర్టు కాగితాలు చదువుతూ, మధ్యాహ్నం ఆయన భోజనానికి వచ్చే అడుగుల చప్పుడు వింటూ ఉంటే! వెంటనే నీలం పుస్తకాన్ని గుండెకి హత్తుకున్నాను. హత్తుకున్నాక సిగ్గేసింది. మొగుడి పక్కన ఉండటానికి హక్కుల పుస్తకం తీసుకునేది ప్రపంచంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. దేవకమ్మ గారికి ఆ ఒక్క వాక్యం ఎలా చెప్పను? మేజా మీద ఎండ పడుతుందండీ అనా?

అయినా టికెట్టు మీద అదే రాశాను, ఇంకాస్త కలిపి: "నీలమే. మీరు లేకుండా రెండేళ్ళు నా వల్ల కాదు బంగారం."

మిగతా రోజుల్లో నేనొక్కదాన్నే వెళ్ళి చదువుకునేదాన్ని. ఆ వారం నాయన కూడా కొట్టుకి వచ్చాడు. మా నాయన ఆదిమూలానికి ఇత్తడి సామాన్ల అంగడి. బిందె కొనేవాడిలాగా రెండు పుస్తకాలనూ చెరో చేతిలో ఎత్తి చూశాడు. వేలితో అట్ట మీద తట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"నీలందే గట్టిగా ఉండాది. అయినా అల్లుడు ఏమంటాడు?"

"ఏమీ అనరు నాయనా."

"మీ అత్త?"

"ఆమె అసలే ఏమీ అనలేదు."

"అనకపోతేనే కదమ్మా భయం" అన్నాడు నాయన. అప్పటిదాకా గుండెలో ఎక్కడో ముడుచుకుని ఉన్న మాట అది. అత్తమ్మ కవరు తిప్పి చూసి, పెట్టె ముయ్యమని లోపలికి వెళ్ళిపోయిన తీరు కళ్ళ ముందుకు వచ్చింది. ఆమెకి ఇష్టం లేదు. ఇష్టం లేని ఇంట్లో కిటికీ పక్కన కూర్చుని ఏం రాస్తాను? పోనీ తిరుపతిలో ఉండిపోతే, కోడలు చదువు వంకతో పుట్టింట్లో కూర్చుందని అనుకోరా?

నాలుగో ఆదివారం ఒక్క పేజీ కూడా చదవలేదు. మా ఆయన మొదటిసారి విసుక్కున్నారు.

"ఏదో ఒకటి చెప్పరాదా? నీలమంటే మేజా తుడిచి పెడతా. ఆకుపచ్చంటే నేను అలవాటు పడతా. ఇట్ల ఊగతా ఉంటే నేను ఏం జెయ్యాల?"

"మీకేది ఇష్టం?"

"నా ఇష్టం అడగొద్దు. నేను చెప్తే నువ్వు అదే తీసుకుంటావు. రేపు పొద్దున నావల్ల తీసుకుంటినంటావు."

"అననే అనను."

"ఇప్పుడనవు. ఏండ్లు పోయినాక అంటావు."

ఆయన మంచివారు కాబట్టే ఆ మాట అన్నారు. కానీ నాకు ఏడుపొచ్చింది. ఆయన గట్టిగా "చిత్తూరు రా" అని ఉంటే ఎంత హాయిగా ఉండేదో! అలా అనుకున్నందుకు మళ్ళీ నా మీద నాకే కోపం. ఎంచుకోమని కాగితం వస్తే గెంతినదాన్ని, ఎవరైనా నా చేతిలోంచి ఆ కాగితం లాక్కుంటే బాగుండునని కూర్చున్నాను. టికెట్టు వెనక మూడుసార్లు ఒకే మాట రాశాను: "తెలీదు. తెలీదు. తెలీదు."

ఐదో ఆదివారం అమావాస్య. మరునాడు సోమవారం, శ్రావణం మొదలు. పదకొండో తేదీ కూడా అదే. పది గంటలకే వెళ్ళి ముక్కాలిపీట మీద కూర్చున్నాను. పదకొండయింది. బస్సు దిగినవాళ్ళు రోడ్డు మీద పోతున్నారు. మా ఆయన లేరు.

గడప అవతల ఒక గొడుగు ఆగింది. దాని కింద అత్తమ్మ.

చటుక్కున లేచి నిలబడ్డాను. రెండు పుస్తకాలూ ఒళ్ళోంచి జారి దబ్బున కింద పడ్డాయి.

"ఆడ్నే ఉండు! బయటికి రావొద్దు. నేను లోపలికి రాను. కొట్టుకి గూడా గడప ఉండాది గదా" అన్నారు అత్తమ్మ. కుప్పుస్వామి గారి వైపు తిరిగి, "అన్నా, ఒక పీట ఈ పక్క వెయ్యి" అన్నారు.

ఆయన ఒక ముక్కాలిపీట గడప అవతల వేసి, పది గైడ్లు చంకలో పెట్టుకుని ఏదో సర్దుతున్నట్టు పక్కకి తప్పుకున్నారు. అత్తమ్మ అవతల, నేను ఇవతల. మధ్యలో కొయ్య గడప.

"ఆయన..." అన్నాను.

"ఇంట్లో పెట్టి వచ్చినా. ఈ కొట్టు యాడుండేదీ వాడే చెప్పినాడు. ఈ పొద్దు చారు వాడే కాచాల. అమావాస్య పూట యాడికి అని మీ మామ అరిచినాడు. రికార్డులు సర్దేదానికి అన్న్యా." అత్తమ్మ కొంగు ముడి విప్పి, నాలుగు గులాబీరంగు కాగితాలు గడప మీద వరసగా పెట్టారు. ఇంగువ వాసన గుప్పుమంది. "చొక్కా ఉతికేటప్పుడు దొరికినాయి. తడిసిపోతాయని పోపుల డబ్బాలో దాచినా."

నాలుగు టికెట్లూ నా వైపే చూస్తున్నాయి. మూడోదాని మీద 'బంగారం' అన్న అక్షరాలు అంత దూరానికీ కనిపిస్తున్నాయి. భూమి చీలితే అందులోకి దూకేసేదాన్ని.

"ఒక వారం నీలమంటావు, ఒక వారం పచ్చదంటావు. కడాకి తెలీదు తెలీదు తెలీదు. ఏమ్మే, నీకు నిలకడ లేదా? ఐదో క్లాసు సదివినదాన్ని, టికెట్టు కోసరం ఎప్పుడు సోమవారమొస్తాది, ఎప్పుడు చొక్కా తడుపుతామా అని నేను కాసుకుని ఉండాల్నా?"

కోపమో ఎగతాళో తెలియలేదు. అత్తమ్మ గొడుగు ముడిచి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఆ ఆడోళ్ళ బుక్కులో అత్త గురించి ఏం రాసినారు? సదువు. నాకు నచ్చేట్టు మార్చి చెప్పొద్దు. ఉండేది ఉండేట్టే సదువు."

కింద పడిన ఆకుపచ్చ పుస్తకం తీసి, అత్త అని రాసిన గడి వెతికి, తెలుగు చేస్తూ చదివాను. "అత్త... వంటింటినీ తాళాలనూ తన చేతిలో పెట్టుకుంటుంది."

"తాళాలా? మనింట్లో తాళం యాడుండాది? బీరువా తాళంచెవి పోయి ఆరేండ్లాయె. తరవాత?"

"కొడుకు తనకి దూరమవుతాడని భయపడుతుంది."

"అది నిజమే అనుకో. ఆదివారం ఆదివారం అట్ల పరిగెత్తితే భయముండదా? ఇంకా?"

"అంతే అత్తమ్మా."

"ఇంకొక గీత కనపడతాంది ఈడికి."

చదవక తప్పలేదు. "కోడలి చదువును... అనుమానంగా చూస్తుంది."

అత్తమ్మ రోడ్డు వైపు తిరిగారు. కొండకు పోయే బస్సు ఒకటి గోవిందలు వేసుకుంటూ పోయింది.

"ఈ మాటలు ఎవుర్ని అడిగి రాసినారు?"

"బొంబాయి పక్క డెబ్బై ఇళ్ళలో అడిగినారంట."

"మన పక్క ఎవురూ రాలేదా?"

"రాలేదు."

"ఆ పొద్దు నేను కవరు చూసి ఏమీ అనకుండా లోపలికి పోయినానే, అది అనుమానమని అనుకున్న్యావా?"

అబద్ధం చెప్పలేకపోయాను. తల ఊపాను.

"నా ఆషాఢం నెలంతా మా అమ్మగారింట్లో చింతగింజలు ఆడుకున్న్యా. తిరిగొచ్చి ముప్పై ఏండ్లాయె. ఇది కావాల్నా, అది కావాల్నా అని నన్ను ఎవురూ అడగలేదు. కూరకి గూడా అడగలేదు. నీకు సర్కారు ముద్ర వేసి అడిగినారు. అది సూసి నాకు కుళ్ళో సంతోషమో నాకే తెలీల. నా మొగం నువ్వు చూస్తావని పోయి అంట్లు తోముకున్న్యా." అత్తమ్మ కొంగుతో మెడ తుడుచుకున్నారు. "ఇది యా గడిలో రాస్తారు?"

పేజీలు తిప్పాను. పుస్తకంలో అలాంటి గడి లేదు.

అత్తమ్మ జాకెట్టులోంచి ఇంకో టికెట్టు తీశారు. అది ఆ పొద్దున ఆమె వచ్చిన బస్సుది. నాలుగింటి పక్కన పెట్టారు. "రాయి. నాకోసరమని రాయొద్దు, వాడికోసరమని రాయొద్దు. ఇది నేను వాడికి చూపించను లే."

పెన్ను మూత తీసి నాలుగుసార్లు పెట్టాను, నాలుగుసార్లు తీశాను. కిటికీ పక్క మేజా కనిపించింది. అంట్ల ముందు కూర్చున్న అత్తమ్మ వీపు కనిపించింది. చివరికి రాశాను: "ఆకుపచ్చ. మొదటి ఇల్లు మాదే."

అత్తమ్మ టికెట్టు దూరంగా పట్టుకుని, పెదవులు కదుపుతూ చదివి, మిగతా నాలుగింటితో కలిపి కొంగున ముడి వేసుకున్నారు.

"రెండేళ్ళు ఈడ ఉండాలంట అత్తమ్మా. ఆయన..." పెన్ను మూత పెట్టేశాను. ఇంతసేపూ కావాలనుకున్నది దొరికాక ఇంత దిగులెందుకో ఇప్పటికీ నాకు అంతు చిక్కదు.

"ఆదివారాలు వస్తాడు లే. దావ తెలిసినోడే గదా. ఆ మేజా నేను వాడుకుంటా. బియ్యం ఏరుకునేదానికి ఎండ బాగుంటాది."

కుప్పుస్వామి గారు ఆకుపచ్చ పుస్తకానికి కాకీ అట్ట వేస్తూ, నీలం పుస్తకాన్ని మద్రాసు మూటలో పెట్టేశారు. నూట పన్నెండో పేజీ దగ్గర ఆగాను అందులో. పిలిచి, ఇంకొక్క గంట ఇవ్వమని అడుగుదామనుకున్నాను. అడగలేదు. ఆ తరవాతి పేజీలో ఏముందో అని ఇప్పుడు కూడా ఒక్కోసారి ఆలోచన వస్తుంది.

"ఈ పొద్దు సత్రంలో పడుకుంటా" అంటూ అత్తమ్మ లేచి గొడుగు విప్పారు. "రేపు శ్రావణం. పొద్దున్నే మీ ఇంటి గడప దాటి వస్తా, కాఫీ పెట్టి ఉండమని మీ అమ్మకి చెప్పు. చక్కెర తక్కువ. తాగి ఇద్దరమూ మీ మేడమ్ కాడికి పోదాం. నూరు ఇండ్లు తిరగమనిందే, ఒక ఇల్లు తిరిగేది అయిపోయింది, తొంబైతొమ్మిదే ఉండాయని నేనే చెప్తా."